స్టాక్‌ కార్‌ రేసింగ్‌: సారా బండ్ల నుంచి జాతీయ సిరీస్‌ దాకా.. పాలమూరు పోరగాళ్లకు ఇందులో దారేంది?

హైదరాబాద్‌ నుంచి బెంగళూరు పోయే 44వ నంబర్‌ జాతీయ రహదారి కొత్తకోట, పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణా నది మీదుగా గద్వాల జిల్లాలోకి అడుగుపెడుతుంది. నాలుగు లైన్ల ఈ రోడ్డు మీద కొత్త కారు స్పీడు ఎంతో చూడాలని సరదాపడే కుర్రాళ్లు తక్కువేం కాదు. అటు నాగర్‌కర్నూల్‌ జిల్లాలో కల్వకుర్తి, అచ్చంపేట మీదుగా మన్ననూరు ఎక్కి శ్రీశైలం పోయే ఘాట్‌ రోడ్డు మలుపులది కూడా ఇదే కథ. కారు స్పీడు చూడాలన్న కోరిక కొత్తది కాదు, తప్పు అంతకన్నా కాదు. ఆ కోరికను ఎక్కడ, ఏ నిబంధనల కింద తీర్చుకోవాలన్నదే అసలు ప్రశ్న. 75 ఏళ్ల కింద అమెరికాలో ఈ ప్రశ్నకు దొరికిన జవాబే స్టాక్‌ కార్‌ రేసింగ్‌. మన దేశంలో అదే జవాబు వేరే రూపంలో పెరిగింది. ఆ చరిత్ర, అది పనిచేసే తీరు, వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్‌ యువతకు అందులో ఉన్న అవకాశాలు ఈ వ్యాసంలో.

స్టాక్‌ కార్‌ అంటే?

ఇక్కడ స్టాక్‌ అంటే షేర్‌ మార్కెట్‌ కాదు. కంపెనీ నుంచి వచ్చిన బండిని మార్పుచేర్పులు లేకుండా అట్లనే ఉంచితే దాన్ని స్టాక్‌ అంటారు. మన షెడ్లలో ఉస్తాద్‌లు ‘బండి స్టాక్‌ కండిషన్‌లో ఉంది’ అనడం వినే ఉంటారు, అదే అర్థం. ఫార్ములా వన్‌లో తిరిగే కార్లు రేసు కోసమే పుట్టినవి. వాటి చక్రాలు బయటికి ఉంటాయి, డ్రైవర్‌ ఒక్కడే కూర్చుంటాడు. స్టాక్‌ కార్‌ చూడ్డానికి షోరూంలో కనిపించే కారు లాగే ఉంటుంది. జనం ఈ ఆటను సొంతం చేసుకోవడానికి కారణం కూడా అదే. తన ఇంటి ముందున్న కారు లాంటిదే ట్రాక్‌ మీద పరుగెత్తుతుంటే చూసే మనిషికి ఆ ఉత్సాహమే వేరు.

నడిగడ్డలో ఈ లెక్క చెప్పడం ఇంకా సులువు. జాతరల్లో జరిగే బండలాగుడు పోటీల్లో ఎద్దులన్నింటినీ ఒకే వరుసలో నిలబెట్టరు. పాలపళ్ల జత, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగానికి బండ బరువు ఖాయం, సమయం ఖాయం. ఎవరి జత ఎంత దూరం లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. పళ్లు చూసి వయసు తేల్చే పెద్దమనిషి మాట తప్పితే పోటీ తప్పినట్టే. కార్ల రేసులో కూడా ఇదే సూత్రం. ఇంజిన్‌ సీసీ, బరువు, టైరు, ఎంతవరకు మార్పు చేయొచ్చు అన్న లెక్కల మీద విభాగాలు ఉంటాయి. ఎద్దు పళ్లు చూసే పెద్దమనిషి స్థానంలో ఇక్కడ స్క్రూటినీర్‌ ఉంటాడు.

సారా బండ్ల నుంచి నాస్కార్‌ దాకా

అమెరికాలో 1920 నుంచి 1933 దాకా మద్య నిషేధం ఉంది. మన దగ్గర గుడుంబా అన్నట్టు అక్కడ దొంగ సారాను మూన్‌షైన్‌ అనేవారు. దక్షిణ రాష్ట్రాల కొండల్లో కాచిన సారాను రాత్రిపూట పట్నాలకు చేర్చే డ్రైవర్లకు పోలీసు బండిని దాటిపోయే ఇంజిన్‌ కావాలి. బయటి నుంచి చూస్తే మాత్రం అది మామూలు కారు లాగే ఉండాలి. అందుకే షెడ్లలో ఇంజిన్లకు పదును పెట్టి, లోపల సరుకు ఉన్నా కారు వెనుక భాగం కుంగకుండా గట్టి స్ప్రింగులు వేయించుకునేవారు. నిషేధం ఎత్తేసినా పన్ను ఎగ్గొట్టే సారా ఆగలేదు, ఆ డ్రైవర్లూ ఆగలేదు. ఎవరి బండి ఎక్కువ పోతుందన్న పంతం ఆదివారాల్లో మట్టి ట్రాకుల మీద రేసులుగా మారింది.

అయితే ఆ రేసులకు ఒక హిసాబు లేకుండె. ఒక్కో ఊర్లో ఒక్కో రూలు. టికెట్ల డబ్బు వసూలు చేసి, రేసు అయిపోయే లోపే ప్రైజ్‌ మనీతో పారిపోయిన నిర్వాహకులు కూడా ఉన్నారు. ఫ్లోరిడాలోని డేటోనా బీచ్‌లో గ్యారేజీ నడిపిన బిల్‌ ఫ్రాన్స్‌ దీన్ని దారిలో పెట్టాలనుకున్నాడు. 1947 డిసెంబర్‌లో అక్కడి స్ట్రీమ్‌లైన్‌ హోటల్‌లో డ్రైవర్లను, మెకానిక్‌లను, నిర్వాహకులను కూర్చోబెట్టి మాట్లాడాడు. 1948 ఫిబ్రవరి 21న ‘నేషనల్‌ అసోసియేషన్‌ ఫర్‌ స్టాక్‌ కార్‌ ఆటో రేసింగ్‌’ సంస్థగా నమోదైంది. అదే నాస్కార్‌. అందరికీ ఒకే రూల్‌బుక్‌, ఏడాదంతా పాయింట్ల లెక్క, చివర్లో ఒక జాతీయ చాంపియన్‌, బహుమతి డబ్బుకు పూచీ.. ఈ నాలుగింటి మీదే ఆ సిరీస్‌ నిలబడింది.

‘స్ట్రిక్ట్లీ స్టాక్‌’ పేరుతో మొదటి రేసు 1949 జూన్‌ 19న షార్లెట్‌లో మట్టి ట్రాక్‌ మీద జరిగింది. మొదట గీత దాటింది గ్లెన్‌ డునవే. రేసు తర్వాత తనిఖీ చేస్తే ఆయన కారు వెనుక స్ప్రింగులు మార్చినట్టు తేలింది. సారా రవాణాకు చేసిన మార్పే అది. వెంటనే ఆయన్ను అనర్హుడిగా ప్రకటించి, జిమ్‌ రోపర్‌కు విజయం ఇచ్చారు. మొదటి రేసులోనే, గెలిచినవాడి మీదనే రూలు అమలు చేయడంతో ఈ సంస్థ మాట మీద నిలబడుతుందన్న నమ్మకం కలిగింది. ఆ ఏడాది మొత్తం 8 రేసులు జరిగాయి, రెడ్‌ బైరన్‌ తొలి చాంపియన్‌ అయ్యాడు. 1950లో డార్లింగ్టన్‌లో తారు ట్రాక్‌ వచ్చింది. 1959లో డేటోనా 500 మొదలైంది. 1971లో సిగరెట్‌ కంపెనీ స్పాన్సర్‌గా రావడంతో పెద్ద డబ్బు ప్రవేశించింది. రాను రాను ‘స్టాక్‌’ అన్నది పేరుకే మిగిలింది. ఇప్పటి నాస్కార్‌ కారు లోపల మొత్తం రేసు కోసం కట్టిందే, పైన ఆకారం మాత్రమే షోరూం కారుది.

ట్రోఫీ దక్కని విజేత

నాస్కార్‌ చరిత్రలో అందరికీ న్యాయం జరిగిందని చెప్పలేం. వర్జీనియాకు చెందిన వెండెల్‌ స్కాట్‌ నల్లజాతి మెకానిక్‌. టాక్సీ నడిపాడు, సారా బండి నడిపాడు, తన కారును తానే రిపేర్‌ చేసుకుని రేసుల్లో దిగాడు. 1963 డిసెంబర్‌ 1న జాక్సన్‌విల్‌ రేసులో గెలిచాడు. కానీ జెండా ఊపింది మాత్రం బక్‌ బేకర్‌కు, ట్రోఫీ ఇచ్చింది ఆయనకే. కొన్ని గంటల తర్వాత లెక్కలో పొరపాటు జరిగిందని స్కాట్‌ను విజేతగా ప్రకటించారు, అప్పటికి జనం వెళ్లిపోయారు. స్కాట్‌ 1990లో చనిపోయాడు. అసలు ట్రోఫీ ఆయన బతికుండగా చేతికి రాలేదు. 2015లో హాల్‌ ఆఫ్‌ ఫేమ్‌లో చోటు ఇచ్చారు. 2021లో, అంటే 58 ఏళ్ల తర్వాత, ఆయన కుటుంబానికి ట్రోఫీ అందింది. రూల్‌బుక్‌ ఒక్కటే సరిపోదు, దాన్ని అందరికీ బరాబర్‌ అమలు చేయాలన్నది ఈ కథ చెప్పే సంగతి.

ప్రాణాల లెక్క

భద్రత విషయంలో కూడా నాస్కార్‌ నేర్చుకున్నది నష్టపోయాకే. 2001 ఫిబ్రవరి 18న డేటోనా 500 చివరి ల్యాప్‌లో ఏడుసార్లు చాంపియన్‌ అయిన డేల్‌ ఎర్న్‌హార్ట్‌ గోడకు గుద్దుకుని చనిపోయాడు. కారు ఒక్కసారిగా ఆగినప్పుడు బెల్టు శరీరాన్ని పట్టి ఉంచుతుంది కానీ తల ముందుకు విసురుగా పోతుంది. పుర్రె అడుగు భాగం విరిగేది అప్పుడే. దీన్ని ఆపడానికి హెల్మెట్‌ను భుజాల మీది పరికరానికి కట్టి ఉంచే ‘హాన్స్‌’ లాంటి పరికరాలు అప్పటికే ఉన్నా చాలామంది డ్రైవర్లు వాడలేదు. ఆ ఏడాది అక్టోబర్‌లో తల, మెడ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేశారు. ట్రాకుల గోడలకు దెబ్బను పీల్చుకునే సేఫర్‌ బారియర్లు వచ్చాయి.

ఈ రోజు ఏ దేశంలో అయినా రేసు కారులో కొన్ని కచ్చితంగా ఉంటాయి. కారు బోల్తా పడినా పైకప్పు నలగకుండా ఇనుప పైపుల రోల్‌ కేజ్‌, భుజాలు, నడుము, తొడల మధ్య నుంచి కట్టే బెల్టులు, మంట అంటని డ్రెస్‌, లోపల మంటలార్పే పరికరం, బయటి నుంచి కూడా కరెంటు ఆపే స్విచ్‌. ట్రాక్‌ పక్కన అంబులెన్స్‌, డాక్టర్‌, మార్షల్స్‌ సిద్ధంగా ఉంటే తప్ప పచ్చజెండా ఊపరు. హైవే మీద పందెం వేసే కుర్రాడి కారులో వీటిలో ఒక్కటీ ఉండదు.

మన దేశంలో మొదలు షోలవరం

భారతదేశంలో అచ్చం నాస్కార్‌ లాంటి సిరీస్‌ లేదు. దానికి దగ్గరగా ఉన్నవి టూరింగ్‌ కార్ల రేసులు, అంటే రోడ్డు మీద తిరిగే సెడాన్‌, హ్యాచ్‌బ్యాక్‌ కార్ల పోటీలు. వీటి కథ మద్రాసుకు ఉత్తరాన షోలవరంలో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రన్‌వే అది. 1953లో ఏర్పడిన మద్రాస్‌ మోటార్‌ స్పోర్ట్స్‌ క్లబ్‌ అక్కడ ఏళ్ల తరబడి రేసులు నడిపింది. ఇంట్లో ఉన్న కారునే పదును పెట్టి తెచ్చుకునే రోజులవి. 1971లో దేశం మొత్తానికి మోటార్‌ స్పోర్ట్స్‌ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ ఏర్పడింది. జాతీయ చాంపియన్‌షిప్‌లకు గుర్తింపు, డ్రైవర్లకు కాంపిటీషన్‌ లైసెన్స్‌ ఇచ్చేది ఇదే.

1980ల చివర్లో కోయంబత్తూరుకు చెందిన ఎస్‌. కరివర్ధన్‌ మారుతి 800 ఇంజిన్‌తో చౌకగా రేసు కారు తయారు చేశాడు. దాన్ని ఫార్ములా మారుతి అన్నారు. దేశంలో ఎక్కడైనా దొరికే ఇంజిన్‌, ఏ మెకానిక్‌ అయినా విప్పగలిగే ఇంజిన్‌ కావడంతో రేసింగ్‌ కొంత కిందికి దిగింది. నరేన్‌ కార్తికేయన్‌ లాంటివాళ్లు ఎదిగింది ఈ మెట్టు మీద నుంచే. కరివర్ధన్‌ 1995లో విమాన ప్రమాదంలో మరణించాడు. కోయంబత్తూరులో 2003లో వచ్చిన కరి మోటార్‌ స్పీడ్‌వేకు ఆయన పేరే పెట్టారు. అంతకు ముందే 1990లో చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో దాదాపు 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్‌ వచ్చింది. 2011లో గ్రేటర్‌ నోయిడాలో 5.125 కిలోమీటర్ల బుద్ధ్‌ సర్క్యూట్‌ తెరిచారు. అక్కడ 2011 నుంచి 2013 దాకా మూడుసార్లు ఫార్ములా వన్‌ రేసు జరిగింది, తర్వాత ఆగిపోయింది.

జాతీయ చాంపియన్‌షిప్‌లో రోడ్డు కార్లకు ప్రధానంగా మూడు మెట్లు కనిపిస్తాయి. సూపర్‌ స్టాక్‌లో కారుకు చేసే మార్పులు తక్కువ. ఇండియన్‌ జూనియర్‌ టూరింగ్‌ కార్స్‌ కొత్తగా వచ్చేవారికి. ఇండియన్‌ టూరింగ్‌ కార్స్‌లో ఇంజిన్‌, సస్పెన్షన్‌ పనికి ఎక్కువ స్వేచ్ఛ ఉంటుంది. 2000 దశకంలో ఈ ట్రాకుల మీద మారుతి ఎస్టీమ్‌దే రాజ్యం. తర్వాత హోండా సిటీ, ఫోక్స్‌వ్యాగన్‌ పోలో లాంటివి వచ్చాయి.

ఒకే రకం కార్లు, ఒకే లెక్క

2010లో ఫోక్స్‌వ్యాగన్‌ పోలో కప్‌ మొదలైంది. ఆ తర్వాత టొయోటా ఎటియోస్‌ రేసింగ్‌ వచ్చింది. వీటిని వన్‌ మేక్‌ సిరీస్‌ అంటారు. పోటీలో ఉన్న కార్లన్నీ ఒకే మోడల్‌, ఒకే ఇంజిన్‌, ఒకే టైరు. కంపెనీయే వాటిని తయారు చేసి, సీలు వేసి, సీజన్‌ అంతా చూసుకుంటుంది. దీంతో డబ్బున్నోడు మంచి ఇంజిన్‌ కట్టించుకుని గెలిచే అవకాశం తగ్గిపోయింది, తేడా తెలిసేది డ్రైవర్‌ చేతిలోనే.

అయితే దీనికి ఇంకో వైపు కూడా ఉంది. బయటి మెకానిక్‌కు సీలు వేసిన ఇంజిన్‌ దగ్గర పని లేదు. కంపెనీ మార్కెటింగ్‌ బడ్జెట్‌ ఆగితే సిరీస్‌ కూడా ఆగుతుంది. నాస్కార్‌ ఏడు దశాబ్దాలు దాటి నడవడానికి, మన సిరీస్‌లు కొన్ని సీజన్లకే పేర్లు మారిపోవడానికి తేడా ఇక్కడుంది. అక్కడ సిరీస్‌ ఒక సంస్థది, స్పాన్సర్లు వచ్చి పోతుంటారు. ఇక్కడ చాలాసార్లు స్పాన్సరే సిరీస్‌. ఎంఆర్‌ఎఫ్‌, జేకే టైర్‌ లాంటి టైర్ల కంపెనీలు దశాబ్దాలుగా వెంట నిలవడం వల్లనే జాతీయ చాంపియన్‌షిప్‌ తెగిపోకుండా సాగింది.

ఈ మధ్యలో కొన్ని కుటుంబాలు రేసింగ్‌కు అంకితమయ్యాయి. చెన్నైకి చెందిన అక్బర్‌ ఇబ్రహీం డ్రైవర్‌గా మొదలై శిక్షకుడయ్యాడు, ఎఫ్‌ఎంఎస్‌సీఐ అధ్యక్షుడిగా కూడా పనిచేశాడు. ఆయన కొడుకు అర్మాన్‌ ఇబ్రహీం జీపీ2 దాకా వెళ్లాడు. బైక్‌ రేసుల్లో జాతీయ చాంపియన్‌ ఆర్‌.ఏ. అబ్దుల్లా కూతురు అలీషా అబ్దుల్లా బైకులు, కార్లు రెండింటిలోనూ మగవాళ్లతో కలిసి పోటీపడింది. తెలంగాణ నుంచి అనిందిత్‌ రెడ్డి కొండా జేకే టైర్‌ జాతీయ పోటీల్లో యూరో జేకే విభాగంలో చాంపియన్‌గా నిలిచాడు.

హుస్సేన్‌సాగర్‌ చుట్టూ రెండేళ్ల ముచ్చట

తెలంగాణకు రేసింగ్‌ వచ్చింది 2022లో. అర్మాన్‌ ఇబ్రహీం, ఆదిత్య పటేల్‌ ముందుండి నడిపించిన ఇండియన్‌ రేసింగ్‌ లీగ్‌కు హైదరాబాద్‌ వేదికైంది. క్రికెట్‌ ఐపీఎల్‌ తరహాలో నగరాల పేర్లతో ఆరు టీములు ఏర్పడ్డాయి. హైదరాబాద్‌ టీం పేరు బ్లాక్‌బర్డ్స్‌. ఒక్కో టీంలో మహిళా డ్రైవర్‌ కూడా ఉండాలన్నది నిబంధన. సచివాలయం, ఎన్టీఆర్‌ మార్గ్‌, నెక్లెస్‌ రోడ్డును కలిపి 2.8 కిలోమీటర్ల ట్రాక్‌ సిద్ధం చేశారు. నవంబర్‌ 19, 20 తేదీల్లో జరగాల్సిన తొలి రౌండ్‌లో ఆలస్యాలు, ప్రాక్టీసులో ప్రమాదం కారణంగా లీగ్‌ రేసులు జరగలేదు. డిసెంబర్‌లో ఫైనల్‌ రౌండ్‌ మాత్రం ఇక్కడే జరిగింది, గాడ్‌స్పీడ్‌ కొచ్చి టైటిల్‌ గెలిచింది.

2023 ఫిబ్రవరి 11న అదే ట్రాక్‌ మీద ఎలక్ట్రిక్‌ కార్ల ఫార్ములా ఈ ప్రపంచ చాంపియన్‌షిప్‌ రేసు జరిగింది. ఫ్రాన్స్‌ డ్రైవర్‌ జాన్‌ ఎరిక్‌ వెర్న్‌ గెలిచాడు. ప్రపంచమంతా టీవీల్లో హుస్సేన్‌సాగర్‌ను చూసింది. నగరవాసులు మాత్రం ట్రాఫిక్‌ మళ్లింపులతో రోజుల తరబడి పరేషాన్‌ అయ్యారు. 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు రద్దైంది. ప్రభుత్వం మారాక ఒప్పందం అమలు కావట్లేదంటూ జనవరిలోనే ఫార్ములా ఈ సంస్థ ఆ సంగతి ప్రకటించింది. ఆ రేసు కోసం హెచ్‌ఎండీఏ నుంచి దాదాపు రూ.55 కోట్లు అనుమతులు లేకుండా చెల్లించారన్న ఆరోపణపై 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు నమోదు చేసింది. అప్పటి మంత్రి కేటీఆర్‌ పేరు కూడా అందులో ఉంది. తప్పేమీ జరగలేదని ఆయన చెబుతున్నారు. తేల్చాల్సింది న్యాయస్థానాలే.

వాదన ఎటు తేలినా ఒక సంగతి మాత్రం స్పష్టం. నడి నగరంలో రోడ్లు మూసి నడిపే రేసు అయిపోగానే గోడలు, కంచెలు విప్పేస్తారు. మరుసటి రోజు నేర్చుకోవడానికి పోరగాళ్లకు ఏమీ మిగలదు. చెన్నై కూడా 2024 ఆగస్టు 31, సెప్టెంబర్‌ 1న ఐలాండ్‌ గ్రౌండ్స్‌ దగ్గర రాత్రిపూట స్ట్రీట్‌ రేసు నడిపింది. కానీ చెన్నైకి 30 ఏళ్లకు పైగా శాశ్వత ట్రాక్‌ ఉంది, అక్కడ తయారైన మార్షల్స్‌, మెకానిక్‌లు ఉన్నారు. హైదరాబాద్‌కు గో కార్ట్‌ ట్రాకులు తప్ప ఆ పునాది లేదు.

పాలమూరు నుంచి దారులు

2016 అక్టోబర్‌లో ఉమ్మడి మహబూబ్‌నగర్‌ నుంచి విడిపోయిన ఈ మూడు జిల్లాల్లో రేస్‌ ట్రాక్‌ లేదు. ఇక్కడి కుర్రాడు ట్రాక్‌ చూడాలంటే 44వ రహదారి పట్టుకుని సేలం దాకా పోయి, అక్కడి నుంచి కోయంబత్తూరు చేరాలి, లేదంటే చెన్నై పోవాలి. అయినా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది డ్రైవర్‌ దారి. ఇది అన్నింటికన్నా ఖరీదైనది. చిన్న వయసులో గో కార్టింగ్‌తో మొదలుపెట్టి, శిక్షణ తీసుకుని, ఎఫ్‌ఎంఎస్‌సీఐ లైసెన్స్‌ పొందాలి. స్పాన్సర్‌ లేకుండా సీజన్‌ అంతా నడపడం మామూలు కుటుంబానికి కష్టం. ఆశపడి పొలం అమ్ముకునే ముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది.

రెండోది మెకానిక్‌, ఇంజనీర్‌ దారి. వనపర్తి ప్యాలెస్‌లో నడిచే ప్రభుత్వ పాలిటెక్నిక్‌ నుంచి దశాబ్దాలుగా డిప్లొమా విద్యార్థులు వస్తున్నారు. దేశవ్యాప్తంగా ఇంజనీరింగ్‌ విద్యార్థులు సొంతంగా రేసు కారు తయారు చేసి పోటీపడే బాహా, సుప్రా, ఫార్ములా భారత్‌ లాంటి వేదికలు ఉన్నాయి. వీటిలో వేగానికే కాదు, డిజైన్‌కు, ఖర్చు లెక్కకు కూడా మార్కులు ఇస్తారు. ఇంజిన్‌ చప్పుడు విని తేడా చెప్పే షెడ్డు ఉస్తాద్‌ దగ్గర పని నేర్చుకున్న కుర్రాడికి చదువు కూడా తోడైతే, రేసు టీములో పిట్‌ దగ్గర నిలబడే అర్హత వస్తుంది. బిల్‌ ఫ్రాన్స్‌, వెండెల్‌ స్కాట్‌ ఇద్దరూ షెడ్డు నుంచి వచ్చినవాళ్లే.

మూడోది మార్షల్‌ దారి. పసుపు జెండా ప్రమాద హెచ్చరిక, ఎర్ర జెండా రేసు ఆపమని, నీలం జెండా వెనక వేగంగా వస్తున్నవాడికి దారి ఇవ్వమని, గళ్ల జెండా రేసు ముగిసిందని. ఈ జెండాలు చూపేవాళ్లు, ప్రమాదం జరిగితే మొదట పరుగెత్తేవాళ్లు మార్షల్సే. ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లే. డబ్బు పెట్టకుండా రేసును అతి దగ్గర నుంచి నేర్చుకునే చోటు ఇదొక్కటే.

రోడ్డు మీద పందెం.. చట్టం ఏమంటోంది

ప్రభుత్వ రాతపూర్వక అనుమతి లేకుండా రోడ్డు మీద రేసు పెట్టడం మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 189 కింద నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే 3 నెలల దాకా జైలు లేదా రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు లేదా రూ.10,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

బండి నడిపింది 18 ఏళ్లు నిండని పిల్లవాడైతే సెక్షన్‌ 199ఏ కింద తల్లిదండ్రులు లేదా బండి యజమాని బాధ్యులవుతారు. వాళ్లకు 3 ఏళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్‌ 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్స్‌ రాదు. రేసర్‌ కావాలని కలగనే కుర్రాడికి ఇది జరిమానా కన్నా పెద్ద దెబ్బ. కార్ల రేసులో దిగాల్సిన వయసంతా లైసెన్స్‌ కోసం ఎదురుచూడడంలోనే గడిచిపోతుంది.